రెండు మధ్యాహ్నం వారాలు

మార్కులు బాగానే వచ్చాయి. ఆ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ ఒక బెంగ తీరిపోతుంది. లెక్కల్లో అయితే మా బడి మొత్తానికి నాకే ఎక్కువ. కానీ ఆ ఏడు చలికాలం మొదలు ఎండలు ముదిరేదాకా మా ఇంట్లో నడిచింది గుర్తొస్తే, ఆ మార్కుల కాగితం ఇప్పటికీ చేతిలోకి తీసుకోబుద్ధి కాదు.

పన్నెండో తరగతి. సిలబస్ అయిపోయింది. పొద్దున రెండు పీరియడ్లు సందేహాలు అడగడానికి వచ్చి, మిగతాదంతా ఇంటి దగ్గరే చదువుకోమన్నారు. మా ఫిజిక్స్ మాస్టారు ఆఖరి క్లాసులో పాఠం పక్కన పెట్టి, వారానికి టైంటేబుల్ ఎలా వేసుకోవాలో చెప్పారు.

"చేతికందిన పుస్తకం చేతికందినప్పుడు చదివితే బుర్రకెక్కదర్రా," అన్నారు. "లెక్కలు చేత్తో చదవాలి. కెమిస్ట్రీ నోటితో చదవాలి. ఫిజిక్స్ కళ్ళు మూసుకుని చదవాలి. ఏ వేళకి ఏది కుదురుతుందో మీ మీ ఇళ్ళు చూసుకుని వేసుకోండి. ఆదివారం మాత్రం కొత్తది ముట్టుకోవద్దు. వారమంతా తప్పిన లెక్కలు ముందేసుకుని మళ్ళీ చెయ్యండి. ఆదివారం తప్పుల రోజు."

ఇల్లు చూసుకుని వేసుకోమన్నారు బాగానే ఉంది. ఆయన మా ఇల్లు చూడలేదు. ఒక గది, ఒక వంటిల్లు. గదిలో సగం నాన్న మంచం, దానికి అడ్డంగా ఒక తెర. మిగతా సగంలో అమ్మ కుట్టుమిషను, నేను, నా పుస్తకాలు. అమ్మ బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. నాన్న సీసాల ఫ్యాక్టరీలో చేసేవాడు. అక్కడ కొలిమి ఎప్పుడూ ఆరదు. ఆరితే లోపల గాజు గడ్డకట్టి కొలిమే పాడైపోతుందట. అందుకని రాత్రీ పగలూ మూడు షిఫ్టులు. ఒక వారం ఉదయం, మరుసటి వారం మధ్యాహ్నం, ఆ పై వారం రాత్రి. మళ్ళీ మొదటికి.

రాత్రి వారంలో ఆయన పగలు పడుకోవాలి. అంటే కిటికీకి దుప్పటి కట్టాలి, మిషను తొక్కకూడదు, నోరు తెరవకూడదు. మరి కెమిస్ట్రీ నోటితో చదివేదెలా? ఉదయం వారంలో ఆయన తెల్లారకముందే లేస్తాడు, దీపం వెలుగుతుంది కాబట్టి ఆ చల్లటి వేళ లెక్కలకి బాగుంటుంది. మధ్యాహ్నం వారంలో ఆయన వచ్చేదాకా ఇంట్లో ఎవరం పడుకోం, సాయంత్రమంతా గొంతెత్తి కెమిస్ట్రీ చదువుకోవచ్చు. అందరూ ఒక టైంటేబుల్ వేసుకుంటే నేను మూడు వేసుకోవాల్సి వచ్చింది.

నేను నేల మీద బోర్లా పడుకుని స్కేలు పెట్టి గళ్ళు గీస్తుంటే నాన్న క్యారేజీ పక్కన పెట్టి వచ్చి చూశాడు. ప్రతి వారానికీ పైన పెద్ద అక్షరాలతో ఆయన షిఫ్టు, కింద నా సబ్జెక్టులు.

"అబ్బో! మా ఫ్యాక్టరీలో కూడా ఇంత వివరంగా డ్యూటీ చార్టు వెయ్యరే," అన్నాడు. "ఇంక మా సూపర్‌వైజరు దండగ. ఇదిగో సూపర్‌వైజరు గారూ, ఈ వారం నాకేం వేశారో కాస్త సెలవియ్యండి."

"మధ్యాహ్నం. ఆలస్యంగా వస్తే జీతం కోత."

"చిత్తం," అని నడుం వంచి దణ్ణం పెట్టాడు. అమ్మ మిషను ఆపి నవ్వింది. ఒక్క కాగితం చాలక రెండు అతికించి, పరీక్షల ఆఖరి రోజుదాకా వేశాను. నాన్నే మేకులు కొట్టి తలుపు పక్కన గోడకి తగిలించాడు.

చార్టు తగిలించిన కొన్నాళ్ళకి ఒక మాట అన్నాడు. నాన్న పనేమిటంటే, సీసాల అచ్చుల్లో గాజు అంటుకోకుండా ఎప్పటికప్పుడు నల్లనూనె పూయడం. కర్రకి గుడ్డ చుట్టి, నూనెలో ముంచి, ఎర్రగా కాలే అచ్చులో గిర్రున తిప్పి, చెయ్యి కాలేలోపు బయటికి లాగెయ్యాలి. ఎన్నేళ్ళుగానో అదే పని. చొక్కా చేతులు ఎప్పుడూ నల్లగా ఉండేవి. గోళ్ళలో నలుపు పండగకీ పబ్బానికీ కూడా పోయేది కాదు.

"కొత్త మిషను వచ్చిందే," అన్నాడు అన్నం ముందు కూర్చుని. "నూనె కూడా అదే పూసుకుంటుందట. ఇంక మాకు హాయే హాయి. కాళ్ళు చాపుకుని కూర్చోవడమే."

"మరి నిన్నేం చెయ్యమంటారు?" అన్నాను.

"చూస్తూ ఉండమంటారు. మిషను దొంగతనం చేస్తుందేమో అని." అమ్మ నవ్వలేదు. కూర వడ్డిస్తూ ఒకసారి ఆయన మొహంలోకి చూసింది. నేను నవ్వాను. నా బుర్రలో అప్పుడు సమాకలనాలు తప్ప ఇంకేమీ లేవు.

చదువు మాత్రం పట్టాలెక్కింది. ఏ వేళకి ఏం చదవాలో వెతుక్కోనక్కర్లేదు, గోడ వైపు చూస్తే చాలు. నాన్న కూడా చూసేవాడు. బయటికి వెళ్ళేముందు చెప్పులేసుకుని, క్యారేజీ చేత్తో పట్టుకుని, చార్టు ముందు ఒక్క క్షణం ఆగేవాడు. అంతకుముందు ఆయన షిఫ్టు ఎప్పుడూ ఆయన నోట్లోనే ఉండేది. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. నా అక్షరాలు చూసి మురిసిపోతున్నాడు కాబోలనుకున్నాను. ఇంకొకటి కూడా జరిగింది. వంకర తిరిగిన సీసాలు ఫ్యాక్టరీలో పారేస్తే ఒకటీ అరా ఇంటికి తెచ్చేవాడు, మా వంటింటి అరలో నూనె, ఉప్పు అన్నీ వాటిల్లోనే ఉండేవి. ఆ సీసాలు రావడం ఆగిపోయింది. కొత్త మిషను వంకర సీసాలు చెయ్యదేమోలే అనుకున్నాను.

ఒక ఆదివారం తప్పుల రోజుకి కూర్చున్నాను. ఆ వారం నాకు తప్పులు పెద్దగా లేవు. మూడంటే మూడు లెక్కలు. అవీ గుర్తులు తారుమారైనవే. చకచకా చేసేసి, గర్వంగా నడుం వాల్చి గోడ వైపు చూశాను. రేపటి నుంచి నాన్నకి రాత్రి వారం. కెమిస్ట్రీ బంద్. అయ్యో అనుకుంటూ వెనక వారం చూశాను. మధ్యాహ్నం. దానికి ముందు వారం చూశాను. అదీ మధ్యాహ్నమే.

ఫకాలున నవ్వొచ్చింది. రెండు కాగితాలు అతికించిన చోట జరిగిన పొరపాటు అది. మొదటి కాగితం మధ్యాహ్నంతో అయిపోయింది, రెండోది మళ్ళీ మధ్యాహ్నంతో మొదలుపెట్టేశాను. లెక్కల్లో ఫస్టు వచ్చే పిల్ల మూడు దాకా లెక్కపెట్టడంలో తప్పింది. దిద్దుదామని పెన్సిలు తీశాను. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

నేను తప్పు రాస్తే రాశాను. నాన్న రెండు వారాలూ మధ్యాహ్నమే ఎందుకు వెళ్ళాడు?

వెళ్ళాడు. నాకు బాగా గుర్తుంది. రెండు వారాలూ గొంతెత్తి కెమిస్ట్రీ చదివాను, రెండు వారాలూ ఆయన వచ్చేదాకా దీపం వెలిగే ఉంది. ఫ్యాక్టరీలో అలా కుదరదు. మధ్యాహ్నం దిగినవాడు మరుసటి వారం రాత్రికి ఎక్కాల్సిందే. లేకపోతే ఒక మిషను దగ్గర ఇద్దరుంటారు, రాత్రికి ఎవరూ ఉండరు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ వరస తప్పలేదు. అంటే ఆయన వెళ్ళింది ఫ్యాక్టరీ వరస ప్రకారం కాదు. నా కాగితం ప్రకారం.

పెన్సిలు అక్కడే పడేసి పెరట్లోకి పరిగెత్తాను. అమ్మ బండ మీద నాన్న చొక్కా ఉతుకుతోంది.

"అమ్మా, నాన్న ఫ్యాక్టరీకి వెళ్ళట్లేదా?"

అమ్మ తలెత్తలేదు. చొక్కా చెయ్యి పట్టుకుని నీళ్ళలో జాడించింది. ఆ చెయ్యి తెల్లగా ఉంది. ఇదివరకు ఆ నలుపు వదలడానికి ఎంత సబ్బు అరగదీసేదో, ఎన్ని తిట్లు తిట్టేదో నాకు తెలుసు.

"ఇన్ని వారాలుగా ఉతుకుతున్నాను," అంది. "మసి అంటకుండా ఎవరైనా ఆ పని చేస్తారా?"

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఆయన నాకు చెప్పలేదు. నేను ఆయన్ని అడగలేదు. ఆయనతో పనిచేసే ఒకాయన భార్య కనిపించి చెప్పింది. నూనె పూసేవాళ్ళందర్నీ తీసేశారట. మీ నాన్న నాలుగైదు చోట్ల పని అడిగారట కూడా. ఈ వయసులో కొత్తగా ఎవరు పెట్టుకుంటారు?" చొక్కా పిండి నా చేతికిచ్చింది. "నీ పరీక్షలయ్యేదాకా ఇంట్లో ఏదీ అటూ ఇటూ కాకూడదని ఆయన పంతం. అవనీ. నీకు తెలిసినట్టు కనపడిందో, చంపేస్తాను. పో, ఆరేసి చదువుకో."

ఆరేశాను. చదువుకోలేదు. ఆ రాత్రివారం సోమవారం నుంచి మొదలైంది. చలి ఎముకలు కొరికేస్తోంది. నాన్న స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని, చెవులకి మఫ్లరు చుట్టుకుని, చార్టు ముందు ఒక క్షణం ఆగి, "వస్తానమ్మా, తలుపేసుకోండి," అని వెళ్ళాడు. కొలిమి దగ్గర పనిచేసేవాడికి రెండు స్వెట్టర్లెందుకని ఎవరూ అడగలేదు. తెల్లారి దగ్గుతో వచ్చాడు.

ఆ వారం పగళ్ళు నేను జన్మలో మర్చిపోలేను. కిటికీకి దుప్పటి. తెర వెనక నాన్న. దగ్గు వచ్చినప్పుడల్లా నా చదువు చెడుతుందని మొహం దిండులో కుక్కుకుని దగ్గేవాడు. తెర ఇవతల నేను పుస్తకం ముందేసుకుని, ఆయన నిద్ర చెడుతుందని పేజీ కూడా చప్పుడవకుండా తిప్పేదాన్ని. ఆయన నిద్రపోవడం లేదు. నేను చదవడం లేదు. అమ్మ మిషను మీద చేతులు పెట్టుకుని ఊరికే కూర్చునేది, చక్రం తిప్పకుండా.

ఆ తర్వాతి వారం ఉదయం వారం. బడి నుంచి వస్తూ ఎందుకో దారి మార్చి బస్టాండు మీదుగా నడిచాను. ఎందుకో ఏమిటి, వెతకడానికే వెళ్ళాను. ఎవరూ ఏమీ అడక్కుండా పూటంతా కూర్చోవడానికి మా ఊళ్ళో చోటు అదొక్కటే. వెతుకుతున్న మనిషి అక్కడ కనపడకూడదని దేవుడికి మొక్కుకుంటూ వెళ్ళాను. లోపలి బెంచీల్లో చివరిదాని మీద ఉన్నాడు. నిటారుగా కూర్చున్నాడు, యూనిఫారం చొక్కా, ఒళ్ళో క్యారేజీ. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి, పక్కన కూర్చున్నవాళ్ళు లేచి వెళ్ళిపోతున్నారు, కొత్తవాళ్ళు వచ్చి కూర్చుంటున్నారు. ఆయన ఏ బస్సు వైపూ చూడటం లేదు.

నేను పత్రికల కొట్టు వెనక్కి తప్పుకున్నాను. అంతలో దూరంగా ఫ్యాక్టరీ సైరను మోగింది, భోజనాల సైరను. నాన్న అప్పుడు క్యారేజీ మూత తీశాడు. ఆకలి ఎప్పుడు వేసిందో ఏమో, ఆ సైరను మోగేదాకా ఆగాడు. నాలుగు ముద్దలు తిని, మళ్ళీ సైరను మోగేలోపు మూత పెట్టేశాడు. వెళ్ళి పక్కన కూర్చోవాలనిపించింది. కానీ ఆయన ఇంత కష్టపడి కట్టిన దాన్ని నేను ఒక్క అడుగుతో కూలదోసేసినట్టవుతుందని భయం వేసింది. అమ్మ మాట కూడా గుర్తొచ్చింది. ఇంటికి వచ్చేశాను.

కానీ ఆ చలిలో ఇంకో రాత్రి వారం అంటే నా వల్ల కాలేదు. చార్టులో పరీక్షల్లోపు ఇంకా కొన్ని రాత్రివారాలున్నాయి. అవి రాసింది నేనే. నేను రాసినచోటల్లా ఆ మనిషి వెళ్ళి కూర్చుంటాడు. ఆ సాయంత్రం ఆయన ఇంటికి రాగానే పుస్తకం మూసేశాను.

"నాన్నా, ఈ రాత్రివారాలతో నా కెమిస్ట్రీ తగలబడిపోతోంది. నోటితో చదవాలా వద్దా? పరీక్షలయ్యేదాకా రాత్రి డ్యూటీ వద్దని మీవాళ్ళని అడగకూడదూ?"

నాన్న చెప్పులు విప్పుతున్నవాడల్లా ఆగాడు. "అడిగితే ఇస్తారంటావా?"

"ఎందుకివ్వరు? ఇన్నేళ్ళ నుంచి చేస్తున్నావు. ఆ మాత్రం గౌరవం ఉండదా?"

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆయన రెండో చెప్పు కూడా విప్పి గోడవారగా పెట్టాడు. "సరేలే, అడిగి చూస్తాను," అన్నాడు. "సూపర్‌వైజరు ఒప్పుకోవాలి కదా."

మర్నాడు ఇంట్లోకి అడుగు పెడుతూనే అన్నాడు, "ఒప్పుకున్నాడే! ‘మీ అమ్మాయి పరీక్షలా, అయితే రాత్రిళ్ళు నిన్నెవడు రమ్మన్నాడయ్యా, పో,’ అన్నాడు. పిల్ల బాగా చదువుతుందటగా అని కూడా అడిగాడు."

"మంచాయన," అన్నాను.

"మంచాయనే. కాస్త నోటి దురుసు గానీ." అమ్మ మిషను ఒక్కసారిగా జోరందుకుంది. ఆ చప్పుడులో ఇంకేమీ మాట్లాడక్కర్లేకపోయింది.

కొత్త చార్టు గీశాను. రాత్రివారాలు లేవు. మధ్యాహ్నం వారాలు కూడా తీసేశాను. అన్నీ ఉదయం వారాలే. సాయంత్రం గళ్ళలో ‘కెమిస్ట్రీ, నాన్నకి అప్పచెప్పాలి’ అని రాశాను, ఆ వేళకి ఇంట్లోనే కూర్చోబెట్టొచ్చని. ఆయన ఆ కాగితం ముందు నిలబడి పైనుంచి కిందికి చదివాడు. అన్నీ ఉదయాలేమిటని అడుగుతాడేమోనని భయపడ్డాను. అడగలేదు. "ఈ అప్పచెప్పించుకునే డ్యూటీకి జీతం ఎంత?" అన్నాడు.

"జీతం లేదు. గట్టిగా తప్పు పట్టాలి, అంతే."

అలాగే పట్టేవాడు. పుస్తకంలో ఉన్నది ఆయనకి అర్థం కాకపోయినా నా గొంతు తడబడితే ఠక్కున తెలిసిపోయేది. "ఆగాగు, అక్కడ నీళ్ళు నమిలావు. మళ్ళీ మొదట్నుంచి," అనేవాడు. మధ్యలో దగ్గు వస్తే పుస్తకం అడ్డం పెట్టుకునేవాడు. దగ్గు తగ్గలేదు. మందు తెస్తే ఒక మోతాదు తాగి, మిగతాది అలాగే ఉంచేవాడు. మనిషి కూడా తగ్గుతూ వచ్చాడు. చొక్కా భుజాల మీద నిలిచేది కాదు. సందు దొరికినప్పుడల్లా చెప్పేద్దామనిపించేది, నాన్నా నాకంతా తెలుసని. పరీక్షలు దగ్గరపడేకొద్దీ ఆ మాట బరువెక్కిపోయింది.

పరీక్షలు మొదలయ్యాయి. నేను హాల్లో కూర్చుని రాస్తున్నంతసేపూ ఆయన బస్టాండులో కూర్చునేవాడు. ఆ సంగతి కలంలోకి దిగనివ్వకుండా రాశాను. ఎలా రాశానో నాకే తెలియదు. కోపంతో రాశాననుకుంటాను. ఆఖరిది ఫిజిక్స్. ఆ సాయంత్రం నాన్న గడపలో నిలబడే అడిగాడు.

"ఎలా రాశావు?"

"బాగా రాశాను నాన్నా. అన్నీ రాశాను."

"అయితే ఇంక అయిపోయినట్టేనా?"

"అయిపోయింది."

"అమ్మయ్య," అన్నాడు. ఆ అమ్మయ్యలో నిజంగా సంతోషం ఉంది. తర్వాత అన్నానికి కూర్చున్నాడు. ఇవాళ చెబుతాడని నేను కాచుకు కూర్చున్నాను. అమ్మా కాచుకు కూర్చుంది, గిన్నెలు కడిగినవే మళ్ళీ కడుగుతూ. ఆయన తెర లాక్కుని పడుకున్నాడు.

మర్నాడు అలవాటు కొద్దీ చీకటి ఉండగానే మెలకువ వచ్చింది. వంటింట్లో దీపం వెలుగుతోంది. నాన్న స్నానం చేసి, యూనిఫారం వేసుకుని, తల దువ్వుకుని, క్యారేజీ చేత్తో పట్టుకుని చార్టు ముందు నిలబడి ఉన్నాడు. అమ్మ ఆ పూట కూడా క్యారేజీ సర్దింది. సర్దకుండా ఎలా ఉంటుంది?

చార్టు చివరి గడిలో ‘ఫిజిక్స్ పరీక్ష’ అని ఉంది. ఆ కింద గళ్ళు లేవు. నాన్న వేలు ఆ గడి మీద నుంచి కిందికి జారి, కాగితం అంచు దాటి, సున్నం గోడ మీద ఆగింది.

"సూపర్‌వైజరు గారూ," అన్నాడు, ఇటు తిరక్కుండానే. "ఇవాళ్టికి నాకేమీ వెయ్యలేదే?"

ఎప్పటి వేళాకోళమే. గొంతు మాత్రం ఎప్పటిది కాదు. సెలవు అందామని నోటిదాకా వచ్చింది. సెలవంటే మళ్ళీ ఎప్పుడో వెళ్ళడం ఉంటుంది కదా.

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఆయన చేతిలోంచి క్యారేజీ తీసుకుంది. కంచం పెట్టి, గిన్నెలు విప్పి, అన్నం అందులో వడ్డించింది.

"కూర్చోండి," అంది. "వేడిగా ఉండగానే తినండి, ఇక్కడే."

నాన్న చెప్పులు విప్పి కూర్చున్నాడు. ఆయన అన్నం కలపబోతుండగా ఉదయం సైరను మోగింది. చెయ్యి ఆగింది, సగం లేవబోయాడు కూడా. అమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. సైరను ఆగేదాకా అలాగే ఉండి, మళ్ళీ అన్నం వైపు వంగాడు. తెల్లటి చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచాడు. గోళ్ళలో ఎక్కడా నలుపు లేదు.

అప్పుడు ఏడ్చాను. ఆ చలికాలం మొత్తం పళ్ళ బిగువున ఆపుకున్నదంతా ఒక్కసారే వచ్చేసింది, వెక్కి వెక్కి, ఊపిరాడకుండా ఏడ్చాను. నాన్న కంగారుపడి, కలిపిన ముద్ద కంచంలో వదిలేసి నా వైపు జరిగాడు.

"ఏమిటమ్మా, ఏమైంది తల్లీ? ఫిజిక్స్ బాగానే రాశానన్నావుగా?" అన్నాడు.